లారీ పేరులోని హార్స్‌పవర్ రోడ్డెక్కితే ఎంత?

ఇంజిన్ సామర్థ్యాన్ని డైనమోమీటరు మీద కొలిస్తే ఒక అంకె వస్తుంది, రోడ్డు మీద కొలిస్తే మరొకటి వస్తుంది. రెండూ నిజమే కావచ్చు. తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే డీజిల్ ఖర్చు లెక్క కూడా తెలుస్తుంది.

టాటా లారీల మీద 1210, 1613, 5530 లాంటి అంకెలు కనిపిస్తుంటాయి. ఇవి వరస సంఖ్యలు కావు. మొదటి రెండు అంకెలు సరుకుతో కలిపి లారీ మొత్తం బరువును టన్నుల్లో చెబుతాయి. చివరి రెండు అంకెలను పదితో గుణిస్తే ఇంజిన్ హార్స్‌పవర్ వస్తుంది. అంటే 1613 అంటే 16 టన్నులు, సుమారు 130 హార్స్‌పవర్. 5530 అంటే 55 టన్నులు, 300 హార్స్‌పవర్.

ఈ అంకెలతో బాగా పరిచయమున్న ఊరు జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్. 1945లో రైలింజన్ల తయారీ కోసం టెల్కో పేరుతో ఇక్కడ మొదలైన సంస్థ, 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీలోకి దిగింది. అదే తర్వాత టాటా మోటార్స్ అయింది. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ ఇంజిన్ల కర్మాగారం కూడా ఇక్కడే ఉంది. ఉక్కు కర్మాగారంలో పనికోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఊరు కూడా ఇదే.

ఇంతకీ 1613లోని ఆ 130 హార్స్‌పవర్‌ను ఎక్కడ కొలిచారు? ఇంజిన్ దగ్గరా, చక్రం దగ్గరా, రోడ్డు మీదా? ప్రశ్న చిన్నదే. కానీ ఘాట్ రోడ్డు మీద లారీ ఎంత వేగంతో ఎక్కుతుంది, లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు వస్తుంది అన్న విషయాలు దాని జవాబు మీదే ఆధారపడి ఉన్నాయి.

నేరుగా కొలవలేని రాశి

వాడుకలో పవర్ అనే దాన్ని భౌతికశాస్త్రంలో సామర్థ్యం అంటారు. ఒక సెకనులో జరిగే పని ఎంతో అదే సామర్థ్యం. ఆవిరి యంత్రాలు అమ్మిన జేమ్స్ వాట్ తన యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్లకు చెప్పడానికి హార్స్‌పవర్ అనే కొలమానాన్ని వాడుకలోకి తెచ్చాడు. బ్రిటిష్ లెక్కలో అది సుమారు 746 వాట్లు, మెట్రిక్ లెక్కలో 735.5 వాట్లు. మెట్రిక్ లెక్కన 130 హార్స్‌పవర్ అంటే దాదాపు 96 కిలోవాట్లు.

బరువుకు తక్కెడ ఉన్నట్టు సామర్థ్యానికి నేరుగా కొలిచే పరికరం లేదు. రెండు వేరే రాశులను కొలిచి వాటిని గుణించాలి. తిరిగే ఇరుసు దగ్గర కొలిస్తే అవి టార్క్, అంటే తిప్పే బలం, ఇంకా తిరిగే వేగం. కదిలే బండి దగ్గరైతే తోసే బలం, ముందుకు పోయే వేగం.

తిప్పే బలాన్ని కొలవడానికి 1821లో ఫ్రెంచి ఇంజినీరు గాస్పార్ ద ప్రోనీ ఒక ఉపాయం చూపాడు. తిరిగే ఇరుసును చెక్క దిమ్మెల మధ్య బిగించి, దిమ్మెలకు ఒక పొడవాటి చేయి తగిలించాలి. ఇరుసుతో పాటు ఆ చేయి కూడా తిరిగిపోవాలని చూస్తుంది. తిరగకుండా ఆపడానికి దాని చివర ఎంత బరువు వేలాడదీయాలో చూస్తే టార్క్ తెలిసిపోతుంది. 1877లో బ్రిటన్‌లో విలియం ఫ్రూడ్ రాపిడి దిమ్మెల బదులు నీటిని వాడి, ఓడల భారీ ఇంజిన్లను కొలిచే పరికరం తయారు చేశాడు. ఈనాటి డైనమోమీటర్లలో విద్యుదయస్కాంతాలు, మోటార్లు ఉన్నా సూత్రం మారలేదు. ఇంజిన్‌ను అదుపులో ఆపి పట్టుకోవాలి, పట్టుకోవడానికి ఎంత బలం కావలసి వచ్చిందో చదవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంజిన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతోంది. డైనమోమీటరుకున్న ఒక మీటరు పొడవు చేయి చివర 380 న్యూటన్ల బలం నమోదైంది. అది సుమారు 39 కిలోల బరువు లాగినంత బలం. ఈ రెంటి నుంచి వచ్చే సామర్థ్యం సుమారు 95.5 కిలోవాట్లు, అంటే 130 హార్స్‌పవర్. లారీ పేరులోకి ఎక్కే అంకె ఇలా పుడుతుంది. బండి నుంచి విడిగా, పరీక్ష గదిలో బిగించిన ఇంజిన్ ఫ్లైవీల్ దగ్గర తీసిన అంకె ఇది.

పరీక్ష గదిలోని గాలి

ఇంజిన్ ఇంధనంతో పాటు గాలినీ పీలుస్తుంది. గాలి పలచబడితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, సామర్థ్యమూ తగ్గుతుంది. అందుకే అంతర్జాతీయ ప్రమాణాలు ఒక ఆదర్శ వాతావరణాన్ని నిర్ణయించాయి. 25 డిగ్రీల సెల్సియస్, పొడి గాలి పీడనం 99 కిలోపాస్కల్స్. పరీక్ష ఏ వాతావరణంలో జరిగినా ఫలితాన్ని ఈ ఆదర్శానికి దిద్ది ప్రకటిస్తారు.

ఈ దిద్దుబాటు ఎందుకో జంషెడ్‌పూర్, రాంచీల మధ్య ప్రయాణించినా అర్థమవుతుంది. జంషెడ్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తులో ఉంది. దాదాపు 130 కిలోమీటర్ల దూరంలోని రాంచీ ఎత్తు సుమారు 650 మీటర్లు. వాతావరణ పీడనం జంషెడ్‌పూర్‌లో దాదాపు 99.5 కిలోపాస్కల్స్ ఉంటే రాంచీలో 94కు దగ్గరగా ఉంటుంది. టర్బోచార్జర్ లేని పెట్రోలు కారు జంషెడ్‌పూర్‌లో ఇచ్చిన సామర్థ్యంలో ఆరు శాతం దాకా రాంచీ చేరేసరికి కోల్పోతుంది. టర్బో ఉన్న డీజిల్ ఇంజిన్ గాలిని నొక్కి లోపలికి పంపుతుంది కాబట్టి దానికి నష్టం తక్కువ.

ఎండ సంగతీ అంతే. మే నెలలో జంషెడ్‌పూర్‌లో 42 డిగ్రీల ఎండ కాసిన రోజున పెట్రోలు ఇంజిన్‌కు ప్రమాణ సూత్రం ప్రకారం వేయాల్సిన దిద్దుబాటు దాదాపు మూడు శాతం. దిద్దిన అంకె ఇంజిన్‌ను ఇంజిన్‌తో పోల్చడానికి న్యాయమైనది. కానీ ఆ మధ్యాహ్నం బండి నడిపే డ్రైవరుకు అందేది దిద్దని అంకే.

ఇంజిన్‌కు తగిలించే ఫ్యాన్లు, పంపులు, ఆల్టర్నేటరు కూడా సామర్థ్యాన్ని తింటాయి. ఒకప్పుడు అమెరికాలో వాటిని తీసేసి కొలిచేవారు. 1972 మోడళ్ల నుంచి అన్నీ తగిలించి కొలవడం మొదలుపెట్టాక ప్రకటనల్లోని హార్స్‌పవర్ గణనీయంగా తగ్గిపోయింది. ఇంజిన్ మారకపోయినా కొలిచే నియమం మారినందుకే అంకె పడిపోయిన సందర్భాలు ఎన్నో.

చక్రం దాకా చేరేది ఎంత?

ఫ్లైవీల్ దగ్గర పుట్టిన సామర్థ్యం గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక ఇరుసులోని పళ్లచక్రాలు దాటి టైరును చేరాలి. ప్రతి మజిలీలోనూ కొంత వేడిగా మారి పోతుంది. లారీల్లో ఈ నష్టం సాధారణంగా 10 నుంచి 15 శాతం. మధ్యస్థంగా 13 శాతం అనుకుంటే 96 కిలోవాట్లలో చక్రానికి చేరేది 83 కిలోవాట్లు.

దీన్ని కొలిచేదే ఛాసిస్ డైనమోమీటరు. నేలలో బిగించిన పెద్ద రోలర్ల మీద బండి చక్రాలు నిలిపి, బండిని గట్టి పట్టీలతో కట్టేసి నడుపుతారు. బండి ఉన్నచోటే ఉంటుంది, రోలర్లు తిరుగుతాయి. కొన్ని యంత్రాలు రోలరుకు బ్రేకు వేసి ఆ బలాన్ని చదువుతాయి. కొన్ని, బరువు తెలిసిన రోలరు ఎంత త్వరగా వేగం పుంజుకుందో చూసి లెక్కకడతాయి.

ఇక్కడ కొత్త తగాదాలు మొదలవుతాయి. గుండ్రటి రోలరు మీద టైరు చదునైన రోడ్డు మీద కంటే ఎక్కువగా నొక్కుకుపోతుంది. పట్టీలు ఎంత బిగిస్తే అంత రాపిడి పెరుగుతుంది. బండి కదలదు కాబట్టి రేడియేటరుకు ఎదురుగాలి ఉండదు, ఫ్యాన్ చాలకపోతే ఇంజిన్ వేడెక్కి సామర్థ్యం తగ్గుతుంది. టైర్లలో గాలి తక్కువైనా, గేరుబాక్సు నూనె చల్లగా ఉన్నా అంకె మారుతుంది. ఒకే కారును రెండు వర్క్‌షాపుల్లోని డైనోల మీద పెడితే రెండు ఫలితాలు వస్తాయని యజమానులు గొణుక్కోవడానికి కారణం ఇదే. చక్రం దగ్గర కొలిచిన దానికి అంచనాగా 15 శాతమో 20 శాతమో కలిపి ‘ఇదీ మీ ఇంజిన్ పవర్’ అని కాగితం మీద వేసి ఇస్తే ఆ అంకెలో కొలత కొంతే, మిగిలింది ఊహ.

అయినా డైనోకు ఒక గొప్ప గుణముంది. అదే గది, అదే గాలి, అదే రోలరు. ఇంజిన్‌లో ఏదైనా మరమ్మతు చేసి, అదే రోజు అదే యంత్రం మీద ముందూ వెనకా కొలిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అసలు విలువ ఎంత అన్న ప్రశ్న కంటే ఎంత మారింది అన్న ప్రశ్నకు డైనో నమ్మకంగా జవాబిస్తుంది.

బండే కొలిచే పరికరమైతే

రోడ్డు మీద రోలరు అక్కర్లేదు. బండి బరువే ఆ పని చేస్తుంది. వేగం పెరిగితే గతిశక్తి పెరుగుతుంది, ఎన్ని సెకన్లలో పెరిగిందో తెలిస్తే సామర్థ్యం తెలుస్తుంది.

మనిషితో కలిపి 1,200 కిలోల కారు 60 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి నాలుగు సెకన్లలో చేరిందనుకుందాం. పెరిగిన గతిశక్తి 130 కిలోజౌళ్లకు కాస్త తక్కువ. నాలుగుతో భాగిస్తే 32 కిలోవాట్లు. ఇంతటితో లెక్క పూర్తి కాదు. ఆ నాలుగు సెకన్లూ కారు గాలిని చీల్చుకుంటూ, టైర్ల నిరోధాన్ని అధిగమిస్తూ పోయింది. సాధారణ చిన్న కారుకు ఆ వేగంలో వాటికి మరో ఐదున్నర కిలోవాట్లు కావాలి. చక్రాలు, ఇరుసులు గిర్రున తిరగడానికి ఇంకో ఒకటిన్నర. అన్నీ కలిపితే 39 కిలోవాట్లు. చక్రాల దగ్గర సగటున అందిన సామర్థ్యం ఇది.

ఒక చేతి గడియారం, ఒక కాగితం చాలన్నంత సులువుగా కనిపిస్తుంది. చిక్కంతా వివరాల్లో ఉంది. సమయం 0.2 సెకను తప్పు చూస్తే ఫలితం ఐదు శాతం తప్పుతుంది. వెనక సీట్లో 70 కిలోల మనిషి కూర్చున్న సంగతి లెక్కలో వేయకపోతే ఆరు శాతం తప్పుతుంది. సెకనుకు పది సార్లు వేగం నమోదు చేసే జీపీఎస్ పరికరాలు మొదటి తప్పును బాగా తగ్గించాయి. రెండోదానికి వేబ్రిడ్జి ఉంది.

అన్నిటికంటే పెద్ద మోసగాడు వాలు. వంద మీటర్లకు ఒక్క మీటరు లేచే రోడ్డు కంటికి చదునుగానే కనిపిస్తుంది. 16 టన్నుల లారీ 60 కిలోమీటర్ల వేగంతో ఆ రోడ్డు ఎక్కాలంటే, కేవలం ఆ వాలు కోసమే 26 కిలోవాట్లు కావాలి. చదును రోడ్డు మీద అదే వేగానికి గాలి, టైర్ల నిరోధం రెండూ కలిపి అడిగేది సుమారు 32 కిలోవాట్లే. కంటికి ఆనని వాలు దాదాపు మరో అంత భారం మోపుతోందన్నమాట. అందుకే రోడ్డు పరీక్షను ఒకే దారిలో వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చేసి సగటు తీస్తారు. వాలు పూర్తిగా, గాలివాటం చాలావరకు అలా రద్దవుతాయి.

జంషెడ్‌పూర్ నుంచి చాండిల్, తమాడ్, బుండు మీదుగా రాంచీ వెళ్లే లారీకి తైమారా ఘాటీ దగ్గర ఈ లెక్క అనుభవంలోకి వస్తుంది. నాలుగు శాతం వాలు అనుకుంటే, 83 కిలోవాట్లతో 16 టన్నులు ఎక్కగలిగే వేగం గంటకు 39 కిలోమీటర్లే. అరవైతో ఎక్కాలంటే చక్రాల దగ్గర 137 కిలోవాట్లు ఉండాలి. రాంచీ దాకా ఆ 500 మీటర్ల ఎత్తు ఎక్కడానికే సుమారు 22 యూనిట్ల శక్తి కావాలి. ఇంజిన్‌లో, గేర్లలో పోయేది పోగా, దానికి ఆరేడు లీటర్ల డీజిల్ కాలుతుంది.

కదులుతుండగా కొలవడం రైళ్లకు పాత విద్యే. 1839లో ఛార్లెస్ బాబేజ్ ఇంగ్లండ్‌లోని గ్రేట్ వెస్టర్న్ రైల్వేలో పరికరాలు నింపిన పెట్టెను రైలుకు తగిలించి, ఇంజిన్ లాగే బలాన్ని కాగితపు చుట్ట మీద గీతలుగా నమోదు చేశాడు. తర్వాత ప్రపంచమంతటా రైల్వేలు డైనమోమీటరు బోగీలను వాడాయి.

రెండు అంకెలను కలిపే వంతెన

డైనో కదలనిది, రోడ్డు నిలకడ లేనిది. ఈ రెంటినీ కలపడానికి ఇంజినీర్లు వాడే పద్ధతి కోస్ట్‌డౌన్. పొడవైన చదును ట్రాక్ మీద బండిని వేగంగా తీసుకెళ్లి న్యూట్రల్‌లో వదిలేస్తారు. బ్రేకు వేయరు. వేగం దానంతటదే ఎలా తగ్గుతోందో నమోదు చేస్తారు. త్వరగా తగ్గితే నిరోధం ఎక్కువ, నెమ్మదిగా తగ్గితే తక్కువ. ఇలాంటి పనులకు మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో నాట్రాక్స్ సంస్థకు 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్ ఉంది. 2021లో దాన్ని ప్రారంభించారు.

ఇలా వచ్చిన నిరోధాన్ని ఛాసిస్ డైనో కంప్యూటరుకు ఇస్తారు. ఆ తర్వాత రోలరు ఆ బండికి రోడ్డులాగే బరువుగా తిరుగుతుంది. మైలేజీ, పొగ పరీక్షలు ఆ రోలరు మీదే జరుగుతాయి. అంటే రోడ్డు మీద తీసిన కొలత తప్పయితే, గదిలో ఎంత ఖచ్చితంగా కొలిచినా ఫలితం తప్పే.

తప్పు ఎంత సులువో చూడండి. పైన చెప్పుకున్న కారు 85 నుంచి 75 కిలోమీటర్ల వేగానికి దిగడానికి సుమారు 10.6 సెకన్లు పడుతుంది. వెనక నుంచి గంటకు పది కిలోమీటర్ల గాలి వీస్తే 12.3 సెకన్లు పడుతుంది. గాలివాటున పోయిన పరుగును మాత్రమే లెక్కలోకి తీసుకుంటే నిరోధం 13 శాతం తక్కువగా కనిపిస్తుంది, కాగితం మీద మైలేజీ పెరుగుతుంది.

ఇది ఊహాగానం కాదు. అమెరికాలో హ్యుందాయ్, కియా కార్ల మైలేజీ అంకెల మీద వచ్చిన ఆరోపణల్లో ఇదొకటి. వెనక గాలి సాయం ఉన్న కోస్ట్‌డౌన్ ఫలితాల మీద ఎక్కువగా ఆధారపడ్డారని, సగటు తీయకుండా అనుకూలమైనవి ఎంచుకున్నారని అక్కడి ప్రభుత్వం ఆరోపించింది. సుమారు 12 లక్షల వాహనాలకు సంబంధించిన ఆ కేసు 2014లో పది కోట్ల డాలర్ల జరిమానాతో పరిష్కారమైంది. 2016లో జపాన్‌లో మిత్సుబిషి మోటార్స్ తన కొన్ని కార్ల మైలేజీ పరీక్షల సమాచారాన్ని సక్రమంగా ఇవ్వలేదని ఒప్పుకుంది. ఆ వివాదమూ ఈ నిరోధం అంకె చుట్టూ తిరిగిందే.

పొగ విషయంలో రోడ్డు, డైనోల మధ్య దూరం ఇంకా ఘోరంగా బయటపడింది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లకు పరికరాలు బిగించి రోడ్ల మీద నడిపితే, రోలర్ల మీద శుభ్రంగా ఉన్న కార్లే రోడ్డు మీద పరిమితిని ఎన్నో రెట్లు మించి నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతున్నట్టు తేలింది. పరీక్ష జరుగుతోందని పసిగట్టే సాఫ్ట్‌వేర్ వాటిలో ఉందని 2015లో వెల్లడైంది. ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల వాహనాల్లో ఆ సాఫ్ట్‌వేర్ ఉండవచ్చని కంపెనీ ఒప్పుకుంది. ఇప్పుడు రోడ్డు మీదే కొలిచే నియమాలు వచ్చాయి. మన దేశంలో బీఎస్-6 రెండో దశ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి కార్లు నిజమైన రోడ్డు మీద వదిలే కాలుష్యానికీ పరిమితి ఉంది.

కొత్త ఇంజిన్లు, పాత ప్రశ్న

ఇంధనం మారినా ఈ ప్రశ్న పోదు. జంషెడ్‌పూర్‌లో 2024లో టాటా, కమిన్స్‌ల ఉమ్మడి సంస్థ హైడ్రోజన్‌ను మండించే ఇంజిన్ల కోసం కొత్త కర్మాగారం ప్రారంభించింది. వాటి సామర్థ్యాన్నీ టార్క్, తిరిగే వేగం చూసే చెప్పాలి. హైబ్రిడ్ కార్లలో ఇంజిన్ అంకెకు మోటారు అంకె కలిపేస్తే సరిపోదు. రెండూ ఒకే క్షణంలో గరిష్ఠ స్థాయికి చేరకపోవచ్చు, బ్యాటరీ అంత కరెంటు ఇవ్వలేకపోవచ్చు. అందుకే ఐక్యరాజ్యసమితి వాహన నియమాల వేదిక 2020లో ఆమోదించిన పద్ధతి, మొత్తం బండిని ఛాసిస్ డైనో మీదో, చక్రాల హబ్బులకు తగిలించే డైనోతోనో కొలవమంటోంది.

ఎవరైనా ఒక హార్స్‌పవర్ అంకె చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు వేయవచ్చు. ఫ్లైవీల్ దగ్గర కొలిచారా, చక్రం దగ్గరా? ఏ గాలికి దిద్దారు? మధ్యలో కొలిచినది ఎంత, ఊహించి కలిపినది ఎంత? డైనో అంకెకూ రోడ్డు అంకెకూ తేడా ఉండటం లోపం కాదు. ఆ తేడా ఎక్కడికి పోయిందో గాలికి ఇంత, టైరుకు ఇంత, గేర్లకు ఇంత, వాలుకు ఇంత అని పద్దు రాయగలిగితే రెండు అంకెలూ నమ్మదగినవే. పద్దు కుదరకపోతే ఎక్కడో ఏదో ఒకటి కొలవడం మర్చిపోయినట్టు, లేదా దాచినట్టు. తైమారా ఘాటీ ఎక్కే 1613 ఆ పద్దును రోజూ డీజిల్‌తో చెల్లిస్తూనే ఉంటుంది.